విల్మింగ్టన్ రైల్లో ఆరో ట్యాబు

న్యూయార్క్ పక్కనున్న జర్సీ సిటీలో, జర్నల్ స్క్వేర్‌లో నా గది అద్దె నెలకి 1,350 డాలర్లు. గది అన్నానే కానీ అది హాల్లో చెక్కతో అడ్డం కట్టిన భాగం. ఉన్న ఒక్క కిటికీలో సగం నా వైపు, సగం హాలు వైపు. తెలిసినవాళ్ళకి తెలిసినవాళ్ళ ద్వారా దొరికింది కాబట్టి అడ్వాన్సు ఒక నెలతో సరిపెట్టారు. నాతో పాటు ఆఫీసులో చేరినవాళ్ళు చాలామంది మాన్‌హాటన్‌లో, వేసవికి అద్దెకిచ్చే యూనివర్సిటీ హాస్టళ్ళలో దిగారు. న్యూఆర్క్ అవెన్యూలో పొద్దున్నే టిఫిన్ దొరుకుతుంది కదా అని నేను ఇటు వచ్చాను. మూడు ఇడ్లీలు ఎనిమిది డాలర్లు. చట్నీ పల్చన. తెనాలిలో మా వీధి చివర బండి దగ్గర చట్నీ రెండోసారి అడిగితే విసుక్కోకుండా వేస్తారు. ఇక్కడ రెండో గిన్నెకి డాలరు. మొదటి వారం ఆ డాలర్లు లెక్కపెట్టి, తర్వాత బియ్యం కొనుక్కున్నాను.

ఇది 2024 వేసవి సంగతి. లా స్కూల్లో రెండో ఏడు అయ్యాక పెద్ద లా ఫర్ముల్లో పది వారాలు పనిచేసేవాళ్ళని సమ్మర్ అసోసియేట్లు అంటారు. ఎమ్మెస్ చేసి, డాలస్‌లో నాలుగేళ్ళు చిప్ డిజైన్ ఉద్యోగం చేసి, ఆ తర్వాత లా చదవడానికి వెళ్ళినదాన్ని నేను. పేటెంట్ కేసుల్లో ఇంజనీరింగ్ తెలిసినవాళ్ళకి గిరాకీ ఉంటుంది. మన పిల్లలు ఎవరైనా ఇటు రావాలనుకుంటే ఒక మాట: ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఈ పది వారాలకీ కాలేజీ నుంచి సీపీటీ, అంటే చదువులో భాగంగా పనిచేయడానికి అనుమతి, కావాలి, ఆ కాగితం చేతికి రాకుండా మొదటి రోజు ఆఫీసులో అడుగు పెట్టకూడదు. నా కాగితం చేరడానికి నాలుగు రోజుల ముందు వచ్చింది. ఆ నాలుగు రోజులకి ముందు మూడు వారాలు పడిన టెన్షన్ ఇంకా మర్చిపోలేదు.

జీతం సంగతి అందరూ అడుగుతారు. ఆ ఏడాది న్యూయార్క్ పెద్ద ఫర్ముల్లో మొదటి ఏడు అసోసియేట్‌కి, అంటే జీతానికి పనిచేసే కొత్త లాయరుకి, ఏడాదికి 2,25,000 డాలర్లు. మాకూ అదే లెక్కన వారాలకి విడగొట్టి ఇచ్చారు, పన్నులు పోక ముందు వారానికి సుమారు 4,300. నాన్నకి ఫోన్‌లో చెబితే, "వారానికా, నెలకా?" అని రెండుసార్లు అడిగాడు. వారానికే అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. నాన్న తెనాలి కోర్టులో ప్లీడరు గుమాస్తా. ముప్పై ఎనిమిదేళ్ళ నుంచి ఒకే సీనియర్ దగ్గర ఉన్నాడు. వాయిదాకి వచ్చిన కక్షిదారు ఇచ్చే గుమాస్తా ఫీజుతో నన్నూ తమ్ముణ్ణీ చదివించాడు.

చేరే ముందు నాకెవరూ చెప్పనిది, ఆ పది వారాల్లో మధ్యాహ్న భోజనాలకి ఎంత టైమ్ పోతుందో. వారానికి మూడు నాలుగు రోజులు ఎవరో ఒక అసోసియేటో, ఫర్ములో వాటా ఉన్న పార్టనరో బయటికి తీసుకెళ్తారు. బిల్లు ఆఫీసుది. ఇవి కాక సాయంత్రాలు బేస్‌బాల్ మ్యాచ్, నాటకం, పడవ షికారు. మనిషి ఎలా ఉంటుంది, క్లయింట్ ముందు కూర్చోబెట్టవచ్చా లేదా అన్నది వాళ్ళు చూసుకునేది అక్కడే. నేను శాకాహారినని చెప్పిన ప్రతిసారీ ఆకులు తెచ్చిపెట్టారు. తలకి 60, 70 డాలర్లయ్యే భోజనం చేసి, రాత్రి తొమ్మిదింటికి జర్నల్ స్క్వేర్‌లో దిగి పచ్చడన్నం తినేదాన్ని.

పని కూడా ఉంటుంది. కోఆర్డినేటర్ దగ్గర అడిగి తీసుకోవాలి. పాత తీర్పులు వెతకడం, మెమో రాయడం, పెట్టెల కొద్దీ ఈమెయిళ్ళు చదివి ఏవి అవతలి పక్షానికి ఇవ్వాలో, ఏవి ఇవ్వకూడదో వేరు చేయడం. అన్నిటికన్నా కష్టపడి అలవాటు చేసుకున్నది టైమ్ రాయడం. గంటని పది ముక్కలు చేస్తారు. ఆరు నిమిషాలు ఒక ముక్క. ఏ ముక్క ఏ కేసుకి, ఏం చేశావు, అన్నీ రాయాలి. సమ్మర్ అసోసియేట్ల గంటలకి డబ్బు ఇవ్వం అని చెప్పే క్లయింట్లు చాలామంది ఉన్నారు, అయినా రాయాల్సిందే. మా నాన్న వాయిదాల పుస్తకంలో ఒక కేసుకి ఏడాది మొత్తం కలిపి ఆరు గీతలుండేవి.

జూలైలో ఒక బుధవారం విల్మింగ్టన్ వెళ్ళాం. డెలావేర్ రాష్ట్రంలో ఉంది. అమెరికా పెద్ద కంపెనీల్లో సగానికి పైగా కాగితాల మీద డెలావేర్ కంపెనీలే. ఏ కంపెనీ మీద దావా వేస్తున్నారో అది ఎక్కడ రిజిస్టర్ అయిందో అక్కడ, లేదా దానికి స్థిరమైన ఆఫీసు ఉండి ఉల్లంఘన జరిగిన చోట మాత్రమే పేటెంట్ దావా వేయాలని 2017లో సుప్రీంకోర్టు టీసీ హార్ట్‌లాండ్ కేసులో గట్టిగా చెప్పింది. దాంతో అంత చిన్న ఊళ్ళోని ఫెడరల్ కోర్టుకి ఇంత పెద్ద కేసులు వచ్చిపడుతున్నాయి. కేసు వివరాలు నేను రాయకూడదు, రాయను. వాదన ఒక్క మాట మీద అని మాత్రం చెప్పగలను. పేటెంట్ చివర నంబర్లు వేసి క్లెయిములు, అంటే హక్కు ఎంతవరకో చెప్పే వాక్యాలు, ఉంటాయి, అందులో ఒక మాటకి అర్థమేమిటో తేలాలి. ఇలాంటి విచారణని మార్క్‌మన్ హియరింగ్ అంటారు. బట్టలుతికే దుకాణాల్లో బట్టల లెక్క తప్పకుండా చూసే పద్ధతి మీద మార్క్‌మన్ అనే ఆయనకి పేటెంట్ ఉండేది. ఆ గొడవలోనే 1996లో సుప్రీంకోర్టు, క్లెయిముల్లో మాటలకి అర్థం చెప్పాల్సింది జూరీ కాదు, జడ్జి అని తేల్చింది.

పొద్దున నాలుగున్నరకి లేచి, మాన్‌హాటన్ 33వ వీధిలో దిగి, రైలెక్కే మొయినిహాన్ హాల్లోకి నడిచాను. పార్టనర్, ఇద్దరు అసోసియేట్లు, నేను, లాయర్లకి కాగితాల పనిలో సాయం చేసే పారాలీగల్. పారాలీగల్‌కి అరవై దగ్గర పడి ఉంటాయి. ఆమె చేతిలో చక్రాల సూట్‌కేసు, పక్కన తోపుడు బండి మీద రెండు పెట్టెలు. ఆఫీసులో అందరూ ఒకరినొకరు పేరు పెట్టే పిలుచుకుంటారు. అమ్మకన్నా పెద్దావిణ్ణి నేను మాత్రం ఆ పది వారాల్లో ఒక్కసారి కూడా పేరుతో పిలవలేకపోయాను. ఎదురుగా వెళ్ళి నిలబడి మాట మొదలుపెట్టేదాన్ని.

పార్టనర్ రెండు వరసల ముందు కూర్చుని కళ్ళు మూసుకున్నారు. ఆమె నా పక్కన. న్యూఆర్క్ స్టేషన్ దాటాక పెట్టె తెరిచి, ఒళ్ళో బైండరు పెట్టుకుని, మొదటి ట్యాబు (కాగితాల మధ్య పెట్టే నంబరు అట్ట) నుంచి ఒక్కో కాగితం తిప్పడం మొదలుపెట్టింది. ముందురోజు రాత్రి ఆమే, నేనూ ఆ బైండర్లు కట్టాం. జడ్జిగారికొకటి, వారి క్లర్కుకొకటి, మా పార్టనర్‌కొకటి. మళ్ళీ ఎందుకా అనుకున్నాను. మెట్రోపార్క్ స్టేషన్ వెళ్ళిపోయింది. ఆరో ట్యాబు దగ్గర ఆమె చేయి ఆగింది. బైండరు నా వైపు తిప్పి, మొదటి పేజీలో పైన ఉన్న నంబరు చివర వేలు పెట్టింది. ఏ1 అని ఉంది.

ఆ పని చేసేవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు. మంజూరైన ఈ పేటెంట్ నంబరు చివర బీ2 ఉండాలి. ఏ1 అంటే మంజూరుకి ముందు అచ్చువేసిన దరఖాస్తు. బొమ్మలు అవే, పేరు అదే, పేజీకి రెండు కాలమ్‌లు కూడా అలాగే ఉంటాయి. కానీ పేటెంట్‌లో కాలమ్‌లకి నంబర్లుంటాయి, మధ్యలో ప్రతి ఐదు లైన్లకీ అంకె ఉంటుంది. దరఖాస్తులో పేరాలకి నంబర్లుంటాయి. మా వాళ్ళు లేచి "ఏడో కాలమ్, 22వ లైను చూడండి" అంటే జడ్జిగారి ముందు ఏడో కాలమే ఉండదు. అంతకన్నా ఘోరం ఇంకోటి. పేటెంట్ ఆఫీసు అభ్యంతరాలు చెప్పాక క్లెయిములు మార్చి రాశారు. ఏ మాట మీద ఆ రోజు వాదనో ఆ మాట అప్పుడు చేరింది. నేను పెట్టిన కాగితాల్లో ఆ మాటే లేదు.

ఆ ఫైలు డౌన్‌లోడ్ చేసింది నేను. మూడు బైండర్లలో పెట్టిందీ నేనే. చెవులు వేడెక్కిపోయాయి, నోట మాట రాలేదు. నాలుగేళ్ళు చిప్ డిజైన్లలో ఒక్క బిట్ తేడా రాకుండా చూసినదాన్ని, నంబరు చివర ఉన్న రెండు అక్షరాలు చూడలేదు.

ఆమె ఏమీ అనలేదు. "పైనున్న సూట్‌కేసు దించు" అంది అంతే. దించాను. అడుగున ఒక తువ్వాలు, అందులో చుట్టిన మూడు చిల్లుల పంచ్, ఖాళీ ట్యాబులు, ఒక ప్లాస్టిక్ కవరు. కవర్లో మంజూరైన పేటెంట్, మూడు కాపీలు. ఇద్దరి సీట్ల ముందున్న బల్లలు దించి పని మొదలుపెట్టాం. రైలు ఊగుతున్నప్పుడు చిల్లులు వంకర పోతాయి. ఊగడం తగ్గేదాకా ఆగి, అప్పుడు ఒక్కసారి నొక్కమని చేయి పట్టి చూపించింది. నేను పంచ్ నొక్కుతుంటే ఆమె రింగులు తెరిచి పాతవి తీసి కొత్తవి ఎక్కించింది, ప్రతి సెట్టులో పేజీలు లెక్కపెట్టింది, చివరి పేజీలో ఆ మాట ఉందో లేదో నన్ను చదవమంది. మూడుసార్లూ చదివాను. కిటికీలోంచి ట్రెంటన్ వంతెన కనిపించింది, "ట్రెంటన్ తయారుచేస్తుంది, ప్రపంచం తీసుకుంటుంది" అని పెద్ద పెద్ద అక్షరాలు ఉంటాయే, అది. ఫిలడెల్ఫియా రాకముందే పని అయిపోయింది.

ఆ తువ్వాలు చూడగానే నాకు నాన్న సంచి గుర్తొచ్చింది. అందులో దబ్బనం, దారపు ఉండ, కోర్టు ఫీజు స్టాంపులు, వకాల్తా ఫారాలు, ఇంకుప్యాడు ఎప్పుడూ ఉంటాయి. కేసు కట్టలు దబ్బనంతో కుట్టేవాళ్ళు. సెలవుల్లో నేను కోర్టుకి వెళ్తే, చెట్టు కింద బెంచీ మీద కూర్చోబెట్టి దారం ఎక్కించమని నాకిచ్చేవాడు. బెంచి మీదకి కేసు పిలుస్తున్నారని బంట్రోతు అరిచాక, సీనియర్‌గారు చేయి వెనక్కి చాపితే ఆ చేతిలో పెట్టాల్సిన కాగితం నాన్న అప్పటికే తీసి పట్టుకుని ఉండేవాడు. సీనియర్‌గారు వెనక్కి తిరిగి చూసినట్టు నాకు గుర్తులేదు.

"దిగేలోపు ఆయనకి నువ్వే చెప్పు" అంది ఆమె. సరిచేశాం కదా, చెప్పడమెందుకు అని నా మనసు లాగింది. వెళ్ళి చెప్పాను. పార్టనర్ మొత్తం విని, "ఇప్పుడు సరిగ్గా ఉందా?" అన్నారు. ఉందన్నాను. "మంచిది" అని మళ్ళీ స్లైడ్లు చూసుకున్నారు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

మిగిలిన దారిలో ఆమె కొంచెం తన గురించి చెప్పింది. ఇరవై ఆరేళ్ళ క్రితం మూడు నెలల తాత్కాలిక పనికి వచ్చిందట. తను బైండర్లు కట్టడం నేర్పిన సమ్మర్ అసోసియేట్లలో ఇద్దరు ఇప్పుడు పార్టనర్లు. ఏ ట్రయల్‌కి ఎన్ని పెట్టెలు వెళ్ళాయో చెబుతుంది. కోర్టులో వేసే కాగితాల చివర లాయర్ల పేర్లు వరసగా ఉంటాయి, ఈమె పేరు ఉండదు. తెనాలి కోర్టు రికార్డుల్లోనూ మా నాన్న పేరు వెతికితే దొరకదు. నకళ్ళు తీసుకున్నట్టు చేసిన సంతకాలు ఎక్కడో కొన్ని ఉంటాయి.

కింగ్ స్ట్రీట్‌లో కోర్టు. డెలావేర్ లాయరు ఒకరు మా వెంట ఉండాలని అక్కడి నియమం, ముందుగా ఆయన లేచి మా వాళ్ళని పరిచయం చేశారు. ఒక్క మాట మీద రెండున్నర గంటలు వాదన నడిచింది. నాకది చాలా బాగుంది. నిఘంటువు ఏమంటుంది, ఇంజనీరు ఏమనుకుంటాడు, పేటెంట్ రాసినవాడు ఇంకోచోట అదే మాట ఎలా వాడాడు, అన్నీ వచ్చాయి. సగంలో జడ్జిగారు ఆపి, "ఒక్క నిమిషం, పేటెంట్‌నే చూద్దాం" అని బైండరు తీశారు. ఆరో ట్యాబు. కాగితం తిరిగిన చప్పుడు నాకు వెనక వరసలోకి వినిపించింది. నేను ఆమె వైపు చూశాను. తల ఎత్తకుండా రాసుకుంటోంది.

తిరుగు ప్రయాణంలో స్టేషన్‌లో 13 డాలర్లకి శాండ్‌విచ్ కొన్నాను. చల్లగా, రుచీపచీ లేకుండా ఉంది. రైల్లో నిద్రపోయాను. మెట్రోపార్క్‌లో ఆమె లేపి, "ఇంటికెళ్ళి పడుకునే ముందే టైమ్ రాసెయ్, ప్రయాణం విడిగా, పని విడిగా రాయి, రేపటికి గుర్తుండదు" అంది. పంచ్ నొక్కిన ఆ ముప్పై నిమిషాలు ఎక్కడ రాయాలని అడిగాను. నా తప్పు దిద్దుకోవడానికి క్లయింట్‌ని డబ్బు అడగకూడదు కదా అంది. రాయలేదు.

ఆఖరి వారంలో ఆఫర్ ఇచ్చారు. ఆ కబురు నాన్నకి చెప్పిన రోజుకన్నా విల్మింగ్టన్ మర్నాడు చేసిన ఫోనే నాకు ఎక్కువ గుర్తుంది. నాకు పొద్దున ఆరున్నర, అక్కడ సాయంత్రం నాలుగు. కోర్టు ఆవరణలోనే ఉన్నాడు, వెనక టైపు మిషన్ల చప్పుడు వినిపిస్తోంది. జరిగిందంతా చెప్పాను, ఏ1 అంటే ఏమిటో కూడా విడమరిచి చెప్పాను. వింటూ వింటూ, "ఆవిడ దగ్గర ఎన్ని సెట్లున్నాయమ్మా?" అన్నాడు.

"మూడు."

"మూడే తెచ్చిందా? అవతలి ప్లీడరు చూపించమంటే ఏమిచ్చేవాళ్ళు? నాలుగుండాలి తల్లీ."

ఈసారి ఆవిడతో చెబుతానన్నాను. వాయిదా ఎప్పటికి వేశారని అడిగాడు. వాయిదా లేదు నాన్నా, ఆర్డరు రాసి పంపిస్తారు అంటే, సరే సీనియర్‌గారు పిలుస్తున్నారని ఫోన్ పెట్టేశాడు.