సిరంజి అడుగు తడిసినన్ని పాలు

మా చెల్లి కొడుకు 29 వారాలకే పుట్టాడు. బరువు 1,100 గ్రాములు. ఇంటిల్లిపాదికీ ఆక్సిజన్ గురించే టెన్షన్, పాల సంగతి పట్టించుకుంది నర్సమ్మ ఒక్కతే. మొదటి రోజే చెల్లితో ముర్రుపాలు చేత్తో పిండించింది. సిరంజి అడుగు తడిసిందంతే. చెల్లి మొహం చిన్నబోయింది. "వాడి పొట్టకి ఇవే చాలమ్మా" అంటూ ఆవిడ ఆ కాసినీ గొట్టంలోంచి చుక్కచుక్కగా వదిలింది. మిగతా పోషణంతా నరంలోకే.

ఊపిరితిత్తుల్లోని గాలి గదులు చాలావరకు పుట్టాకే ఏర్పడతాయని డాక్టరుగారు చెబితేనే నాకు తెలిసింది. మొదటి రెండు మూడేళ్లు ఆ పని జోరుగా సాగుతుందట. నెలలు నిండని పిల్లలకు ఊపిరి తీయడానికే బోలెడు శక్తి ఖర్చవుతుంది. పైగా వెంటిలేటర్ వల్ల తగిలిన దెబ్బ మానాలి. తిండి చాలకపోతే ఇవన్నీ కుంటుపడతాయి. తల్లిపాలు అందిన పిల్లల్లో బీపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు తక్కువగా కనిపిస్తుంది.

తర్వాత ఆ పాలల్లో ఫోర్టిఫయర్ అనే పోషకాల పొడి కలిపారు. ఇంత తక్కువ బరువు పిల్లలకు కావలసినంత ప్రొటీను, కాల్షియం ఉత్త తల్లిపాలల్లో ఉండవు. "తల్లిపాలల్లో పొడేంటి?" అని మా అమ్మ చేసిన గొడవ వేరే పోస్టు!

ఇప్పుడు వాడు బడికెళ్తున్నాడు. జలుబు చేస్తే పిల్లికూతలు వస్తాయి, ఇన్‌హేలర్ బ్యాగులోనే ఉంటుంది. పాలతో అంతా నయమైపోయిందని నేను చెప్పను. మొన్న ఊపిరితిత్తులు ఎలా పనిచేస్తున్నాయో చూసే స్పైరోమెట్రీ పరీక్షకి గట్టిగా ఊదమంటే నవ్వాపుకోలేక టెక్నీషియన్‌ని కూడా నవ్వించాడు వెధవ.