ఆదివారం ప్రసంగానికి తల ఊపలేనప్పుడు

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు తెలుగు కతోలిక కుటుంబాలు చాలావరకు ప్రసంగం వినేది ఒడియాలోనే. పెద్దవాళ్లు సగం అర్థం చేసుకుని, మిగతాది ఇంటికెళ్లాక పిల్లల్ని అడుగుతారు. ఫాదర్ గారు ‘మండళీర శిక్షా’ అంటారు. ఒడియాలో దానికి శ్రీసభ (కతోలిక సంఘం) బోధన అని అర్థం. తెలుగు చెవికి శిక్ష అంటే దండన. ‘ఉచిత’ అంటే ఒడియాలో చేయదగినది, మనకేమో డబ్బివ్వకుండా వచ్చేది. సాయంత్రానికల్లా ఆ మాట వాట్సాప్‌లో వేరే రూపం ఎత్తుతుంది.

అందుకే ప్రసంగంలో ఏదైనా మాట గుచ్చుకుంటే ముందు దాన్ని రాసుకోండి. తేదీ, ఏ పూజ, ఏ భాష, మాట అన్నది అన్నట్టే. సారాంశం రాసుకుంటే అందులో మన కోపం కూడా కలిసిపోతుంది. రెండు భాషలూ బాగా వచ్చినవారికి ఒకసారి చూపించండి.

మాట ఖాయమయ్యాక దాని బరువు చూడాలి. వాదనలు ఎక్కువగా చెడేది ఇక్కడే. వాక్యపీఠం మీద నుంచి వచ్చిన ప్రతి మాటకూ ఒకే బరువు ఉండదు. త్రిత్వం, క్రీస్తు పునరుత్థానం, దివ్యసత్ప్రసాదంలో (పూజలో ఇచ్చే అప్పంలో) ఆయన నిజ సాన్నిధ్యం లాంటివి దేవుడు బయలుపరచినవిగా శ్రీసభ ప్రకటించిన సత్యాలు (కానన్ 750; కానన్ అంటే శ్రీసభ చట్టంలోని నిబంధన). జ్ఞానస్నానం పొందినవారు వీటిని మొండిగా కాదంటే దాన్నే 751వ కానన్ అబద్ధబోధ అంటుంది. తుది నిర్ణయంగా చెప్పిన బోధనలు మరికొన్ని ఉన్నాయి. గురుపట్టం (ఫాదర్‌గా అభిషేకం) పురుషులకే అన్న 1994 నాటి రెండవ జాన్ పాల్ పోప్ గారి లేఖను ఈ కోవలోకే చేర్చారు. తుది నిర్ణయంగా ప్రకటించకపోయినా అధికారికంగా బోధించే విషయాలకు 752వ కానన్ బుద్ధిని, చిత్తాన్ని భక్తితో లోబరచమంటుంది. వాటిని గౌరవంతో స్వీకరించాలి, అర్థం చేసుకోవడానికి నిజంగా ప్రయత్నించాలి. ఉపవాస నియమాలు, పూజ భాష, లాటిన్ శ్రీసభలో (రోము ఆచారం పాటించే కతోలిక శాఖలో) గురువుల బ్రహ్మచర్యం క్రమశిక్షణకు సంబంధించినవి. వాటిని పాటించాలి, కానీ అవి మారగలవు. తూర్పు ఆచారాలు పాటించే కతోలిక శ్రీసభల్లో పెళ్లయిన గురువులు ఉన్నారు. ఇక ఎన్నికల్లో ఎవరికి ఓటేయాలో, పిల్లల్ని ఏ బడిలో వేయాలో ఫాదర్ గారు చెబితే అది ఆయన సొంత అభిప్రాయం. దానితో విభేదించడం పాపం కాదు.

ఈ తేడా చెప్పాల్సిన బాధ్యత మొదట ప్రసంగించేవారిదే. సొంత అభిప్రాయాన్ని విశ్వాస సంగ్రహం (విశ్వాస సత్యాల ప్రకటన) చెప్పే గొంతుతో చెబితే, వినేవారు రెండింటినీ కలిపి తోసేస్తారు. పూజలో ప్రసంగం గురువుకు, డీకన్‌కు (గురువు కింది స్థాయిలో అభిషేకం పొందినవారికి) మాత్రమే కేటాయించినది (కానన్ 767). అక్కడ ఎవరూ లేచి జవాబు చెప్పలేరు. అందుకని విమర్శించినవాళ్లకు పీఠం మీద నుంచి సమాధానం చెప్పడం అన్యాయం. ఫాదర్ గారు రాలేని ఊళ్లలో ఉపదేశి (గురుపట్టం లేని బోధకుడు) వాక్యారాధన నడిపించి మాట్లాడాలంటే అనుమతి కావాలి (కానన్ 766).

నిడివి సంగతి కూడా ఉంది. ప్రసంగం 8 నిమిషాలు దాటకూడదని పోప్ ఫ్రాన్సిస్ గారు 2024 జూన్‌లో అన్నారు. ఒడియాలో చెప్పి తెలుగులోకి మార్చితే అదే ప్రసంగం 16 నిమిషాలవుతుంది. ఒక్కో భాషకు 4 నిమిషాలకే రాసుకుని, ఆ కాగితం శనివారం సాయంత్రమే అనువదించేవారి చేతికివ్వాలి. అప్పటికప్పుడు మార్చితే మెత్తటి మాట గట్టిపడుతుంది, ‘మంచిది’ కాస్తా ‘తప్పనిసరి’ అవుతుంది.

విన్నవారి వైపుకు వస్తే, 212వ కానన్ విశ్వాసులకు తమ అభిప్రాయాన్ని కాపరులకు తెలిపే హక్కు ఉందంటుంది, ఒక్కోసారి అది బాధ్యత అని కూడా అంటుంది. విశ్వాసం, కాపరుల పట్ల గౌరవం, అందరి మేలు, మనుషుల మర్యాద దెబ్బతినకూడదన్నదే షరతు. వేదాంతుల (క్రైస్తవ దైవశాస్త్ర పండితుల) కోసం 1990లో రోము, అంటే వాటికన్, ఇచ్చిన సూచన కూడా, నిజాయితీగా ఒప్పుకోలేకపోవడాన్నీ, పత్రికల ద్వారా ఒత్తిడి తేవడాన్నీ వేరుగా చూసింది. శ్రీలంక వేదాంతి ఫాదర్ టిస్సా బాలసూరియ గారిని 1997 జనవరిలో వెలివేశారు, 1998 జనవరిలో ఆ వెలి ఎత్తేశారు. అంత పెద్ద దండన తర్వాత కూడా మాట్లాడుకునే దారి మూసుకుపోలేదని నేను దాన్నుంచి అర్థం చేసుకుంటాను.

ఫాదర్ గారిని కలవడానికి పూజ అయిన వెంటనే వెళ్లకండి. వారం మధ్యలో సమయం అడిగి వెళ్లండి. ‘మీరు తప్పు చెప్పారు’ అని మొదలుపెట్టకుండా, ‘ఈ మాట ఏ బోధనలోది ఫాదర్, అది ఎంతవరకు తప్పనిసరి?’ అని అడగండి. విచారణ (ఒక ఫాదర్ కింద ఉండే స్థానిక సంఘం) సలహా సంఘం ముందు పెట్టవచ్చు గానీ, దానికున్నది సలహా ఇచ్చే అధికారమే (కానన్ 536). ఆ తర్వాత పీఠాధిపతికి (బిషప్ గారికి) ఒక పేజీ ఉత్తరం, సంతకంతో. గజపతి, గంజాం జిల్లాలవారు బరంపురం మేత్రాసనానికి (బిషప్ గారి పరిధికి) రాయాలి. గుణుపురం వారు 2016లో ఏర్పడిన రాయగడ మేత్రాసనానికి రాయాలి.

ఒక విషయంలో మాత్రం వెనక్కి తగ్గకండి. శ్మశానంలోనో, గుడిలో కూర్చునే బల్లల దగ్గరో కులం చూస్తున్నారని, తెలుగువాళ్లను వెనక్కి నెడుతున్నారని అడిగినవారిని తిరుగుబాటుదారులు అనకూడదు. సాంఘిక స్థితిని బట్టి, భాషను బట్టి మనుషుల మధ్య చూపే వివక్ష దేవుని సంకల్పానికి విరుద్ధమని రెండవ వాటికన్ మహాసభ 1965లోనే చెప్పింది. ఆ ప్రశ్న అడిగినవారు శ్రీసభ బోధన పక్షానే నిలబడ్డారు.

ప్రసంగం మీద అప్పీలు ఉండదు, ఎందుకంటే అది ఆజ్ఞ కాదు. మాట్లాడినందుకు ఉపదేశి పని నుంచి తీసేస్తూ కాగితం ఇస్తే అది వేరే సంగతి. విచారణకర్త (విచారణ ఫాదర్ గారు) ఇచ్చిన ఆజ్ఞ అయితే 15 రోజుల్లో నేరుగా పీఠాధిపతికి రాయాలి. పీఠాధిపతే ఇచ్చి ఉంటే, మార్చమని ముందు ఆయనకే 10 రోజుల్లో రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, అక్కడి నుంచి 15 రోజుల్లో రోముకు వెళ్లవచ్చు. ఈ లెక్క కాగితం మీ చేతికి అందిన రోజుతో ముడిపడి ఉంటుంది. కాబట్టి అందుకున్న తేదీని ఆ కాగితం మీదే రాసి, సాక్షి సంతకం తీసుకోండి.