రాయగడకు షట్‌డౌన్ పనికి వచ్చేవాళ్ళకి: ఆరిఫీస్ ప్లేట్ ఎటు చూడాలి

పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు వైపు నుంచి ఒడిశాలోని రాయగడ జిల్లా ఫ్యాక్టరీలకు షట్‌డౌన్ పనికి (ఫ్యాక్టరీ ఆపి చేసే మరమ్మతులకి) వచ్చే మనవాళ్ళు మీటర్లు చూసే ఇన్‌స్ట్రుమెంట్ గ్యాంగులో పడితే, తొందరగా చేతికి వచ్చే పని ఆరిఫీస్ ప్లేట్ విప్పి బిగించడం. పైపులో ఎంత నీరు, ఎంత ఆవిరి పోతోందో కొలవడానికి అడ్డంగా పెట్టేది అది. చూడ్డానికి మధ్యలో బెజ్జమున్న రేకు, అంతే. అది తిరగబడితే మాత్రం నీటి లెక్క, ఆవిరి లెక్క నెలల తరబడి తప్పుతాయి. ఫ్లాంజ్ (పైపుల్ని బోల్టులతో కలిపే జోడు) ఎక్కడా కారదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

మొదటి చిక్కు మాటతోనే. ఫోర్‌మన్ ఒడియాలో ‘ఆగ’ అంటాడు, ఇంజినీరు హిందీలో ‘ఆగే’ అంటాడు, మనం ‘ముందు’ అంటాం. నీళ్ళు ముందుగా తగిలే వైపా, ముందుకు పోయే వైపా? రెండూ ముందే! అందుకని ఆ మాట వదిలేయండి. ‘పాణి కేఉఁ ఆడు ఆసుఛి?’ అని, అంటే నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయని అడగండి. పైపు మీద చెయ్యి పెట్టించి చూపించుకోండి.

బెజ్జం అంచు ఒకవైపు పదునుగా ఉంటుంది. రెండోవైపు, ప్లేటు మందమైనదైతే, 45 డిగ్రీల వాలు కోసి ఉంటుంది. పదును వైపు వచ్చే నీటిని చూడాలి. తోక మీద బెజ్జం కొలత, ట్యాగ్ నంబరు గుద్ది ఉంటాయి, చాలావాటి మీద ఏ వైపో కూడా ఉంటుంది. తిరగేసి బిగిస్తే నీరు వాలు మీదుగా జారిపోతుంది, ధార అంతగా సన్నబడదు, ప్లేటుకు అటూ ఇటూ ఉండే పీడన భేదం తగ్గి, దాన్ని బట్టే ప్రవాహం లెక్కకట్టే మీటరు తక్కువ చూపిస్తుంది. అంచు అరిగినా ఇదే తప్పు. కాబట్టి దాన్ని ఎమరీ కాగితంతో రుద్దకండి, గుడ్డతో తుడవండి చాలు. వెలుతురుకి పట్టి చూస్తే అంచు మీద తళుకు గీత కనబడకూడదు.

ఇప్పుడు నష్టం సంగతి. 100 మిల్లీమీటర్ల పైపులో 50 మిల్లీమీటర్ల బెజ్జం పెట్టి గంటకు 31 ఘనపు మీటర్ల నీరు పంపితే, ప్లేటుకు అటూ ఇటూ సుమారు 2500 మిల్లీమీటర్ల నీటిమట్టమంత తేడా వస్తుంది. ధార బెజ్జంలో కాదు, ప్లేటు దాటాక దాదాపు పైపు వ్యాసంలో సగం దూరంలో అన్నిటికన్నా సన్నబడుతుంది. పీడనం కూడా అక్కడే అట్టడుగుకి పోతుంది. తర్వాత ధార విచ్చుకుని సుడులు తిరుగుతుంది. ఆ సుడుల్లో వేడిగా మారిపోయింది మళ్ళీ రాదు. ఈ కొలతలకి తిరిగి వచ్చేది పావు వంతు పైచిలుకే, సుమారు 73 శాతం పోయినట్టే, అంటే 1.8 మీటర్లు. పంపు, మోటారు కలిపి 60 శాతం సామర్థ్యంతో ఏడాదంతా ఆగకుండా తిరిగితే ఈ ఒక్క రేకు మీద దాదాపు 2,200 యూనిట్ల కరెంటు పోతుంది. అదే 70 మిల్లీమీటర్ల బెజ్జమైతే తేడా 520 మిల్లీమీటర్ల దగ్గరికి తగ్గుతుంది, అందులో పోయేది సగమే. చిన్న బెజ్జమైతే రీడింగ్ బాగుంటుందనే మాట నిజమే కానీ దాని ఖర్చు పంపు కడుతుంది.

గ్యాస్కెట్ లోపలికి పొడుచుకు రాకూడదు. బిగించే ముందు వేలితో చుట్టూ తడిమి చూడండి. వంపు పక్కనే ప్లేటు పెట్టడం ఇంకో తప్పు. పై కొలతలకి ఒక వంపు తర్వాత 22 వ్యాసాలు, అంటే 2.2 మీటర్లు, తిన్నని పైపు కావాలి.

ఆవిరి లైన్లలో జాగ్రత్త రెట్టింపు. ఆవిరి చల్లబడి నీరుగా నిలిచే రెండు కండెన్సేట్ పాట్లూ ఒకే ఎత్తులో ఉండాలి. ప్లేటుకు ఆవిరి వచ్చే వైపు ‘హై’, దాటిన వైపు ‘లో’. హై వైపు పాట్ 100 మిల్లీమీటర్లు పైకి ఉంటే, 2500 మిల్లీమీటర్ల రేంజి మీటరు లైను మూసి ఉన్నా 20 శాతం ప్రవాహం చూపిస్తుంది. 100 అంటే రేంజిలో నాలుగు శాతమే, కానీ ప్రవాహం పీడన భేదపు వర్గమూలం కదా! పాట్లు, వాటినుంచి ట్రాన్స్‌మీటర్‌కి (పీడన భేదం కొలిచి సిగ్నల్ పంపే పరికరానికి) వెళ్ళే ఇంపల్స్ లైన్లు ముందే నీటితో నింపండి. మానిఫోల్డ్ (ట్రాన్స్‌మీటర్ దగ్గరి మూడు వాల్వుల దిమ్మ) మీద రెండు వైపుల్నీ కలిపే ఈక్వలైజింగ్ వాల్వ్ తెరిచి ఉంచి హై వాల్వ్ మెల్లగా తెరవండి, ఈక్వలైజింగ్ మూయండి, చివరగా ‘లో’ వాల్వ్ తెరవండి. మూడూ ఒకేసారి తెరిచి ఉంటే నీరు ‘లో’ వైపుకి తోసుకుపోయి, ఆవిరి నేరుగా ట్రాన్స్‌మీటర్‌ని కాలుస్తుంది.

వర్గమూలం ఒక్కచోటే తీయాలి: ట్రాన్స్‌మీటర్‌లోనో, కంట్రోల్ రూమ్‌లోనో. రెండుచోట్లా తీస్తే సున్నా దగ్గరా, నూరు దగ్గరా అంతా సరిగ్గానే కనబడుతుంది, మధ్యలోనే తేడా. అందుకే లైను సగం ప్రవాహంలో ఉన్నప్పుడు చూడండి. కంట్రోల్ రూమ్ తెర 50 శాతం చూపిస్తే, ట్రాన్స్‌మీటర్ దగ్గర 4–20 సిగ్నల్లో 8 మిల్లీయాంపియర్లున్నా (వర్గమూలం కంట్రోల్ రూమ్‌లో), 12 ఉన్నా (ట్రాన్స్‌మీటర్‌లోనే) ఫరవాలేదు. 12 ఉండి తెర 71 చూపిస్తే రెండుసార్లు తీశారు. 8 ఉండి 25 చూపిస్తే ఎవరూ తీయలేదు.