ముక్కుతోంది అనుకున్నాం, ఆపుకుంటోంది

మా పాపకు అప్పుడు మూడేళ్ళ నాలుగు నెలలు. మే నెల ఎండలు. రెండు రోజులు జ్వరం వచ్చి, నీళ్ళు సరిగ్గా తాగక, నాలుగో రోజు మోషన్ బాగా గట్టిగా వచ్చింది. గుక్కపెట్టి ఏడ్చింది. కడుగుతూ చూస్తే సన్నగా రక్తపు చార. జ్వరం తగ్గాక మేం ఆ సంగతి మర్చిపోయాం. పాప మర్చిపోలేదు.

ఆ తర్వాత కక్క అన్న మాట వింటేనే బిగుసుకుపోయేది. హాల్లో కర్టెన్ వెనక్కి వెళ్ళి, గోడ పట్టుకుని, మునివేళ్ళ మీద నిలబడి, కాళ్ళు రెండూ మెలేసి బిగించేది. మొహం కందిపోయేది, నుదుటి నిండా చెమట. "పాపం, ముక్కుతోంది, రావట్లేదు" అనుకుని గబగబా ఎత్తుకెళ్ళి కమోడ్ మీద కూర్చోబెట్టేవాళ్ళం. ఒకటే అరుపులు. నా మెడ వదిలేది కాదు. ఐదారు రోజులకోసారి, అదీ రాత్రి నిద్రమత్తులో, డైపర్‌లో అయ్యేది.

మా అత్తయ్య ఆముదం పట్టించారు. తమలపాకు కాడ నూనెలో ముంచి పెట్టి చూశారు. నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి, ప్రేమతోనే చేశారు. కానీ అక్కడ చెయ్యి పడిన ప్రతిసారీ పాప భయం ఇంకా పెరిగింది. నేను చేసింది అంతకంటే పెద్ద తప్పు. ఒకరోజు ఆఫీసు పని టెన్షన్‌లో ఉండి "కూర్చోమంటే కూర్చోవేంటి" అని గట్టిగా అరిచాను. ఆ పూట పాప అన్నం కూడా తినలేదు. ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

ఆగస్టులో కొత్త చిక్కు వచ్చిపడింది. రోజుకు మూడు నాలుగు సార్లు చెడ్డీలో పల్చగా మరకలు. విరేచనాలు పట్టుకున్నాయనుకుని, అంతకుముందు ఒక క్లినిక్‌లో మోషన్ మెత్తబడటానికి రాసిచ్చిన లాక్టులోజ్ సిరప్ ఆపేశాం. ఎంత తలకిందుల పని చేశామో వారం తర్వాత పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాకే తెలిసింది.

ఆవిడ ముందు చాలా ప్రశ్నలు అడిగారు. పుట్టాక మొదటి మోషన్ ఎప్పుడైంది, బరువు పెరుగుతోందా, వాంతులున్నాయా, కడుపు ఉబ్బుతోందా అని. తర్వాత పొట్ట నొక్కి చూసి, నా చెయ్యి తీసుకుని ఎడమవైపు కింద పెట్టారు. గట్టి ముద్ద తగిలింది. "లోపల పేరుకుపోయిందమ్మా. దాని పక్కనుంచి పల్చటిది కారుతోంది. పాపకి తెలిసి జరగట్లేదు" అన్నారు. కర్టెన్ సంగతి చెప్పాను. "ముక్కే పిల్లలు గొంతుక్కూర్చుంటారు. నిలబడి కాళ్ళు బిగిస్తోందంటే ఆపుకుంటోందన్నమాట."

మూడు నెలలుగా నా కళ్ళెదుటే జరుగుతున్నదాన్ని నేను తిరగేసి చదువుకున్నాను. ఒకసారి నొప్పి పుట్టింది కాబట్టి ఆపుకుంటోంది. ఆపుకున్న కొద్దీ పేగు అందులోని నీటిని పీల్చేస్తుంది, అది ఇంకా గట్టిపడుతుంది, మళ్ళీ నొప్పి. అలా సాగిపోయిన పేగుకు, వస్తోందన్న కబురు కూడా సరిగ్గా అందదు. ముందు నొప్పి లేకుండా చేయాలి, కూర్చోవడం నేర్పేది ఆ తర్వాతే అన్నారు.

పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి రాశారు, నీళ్ళలో కలిపి తాగించాలి. పాప బరువును బట్టి మొదట కొన్ని రోజులు ఎక్కువ మోతాదు, తర్వాత రోజూ కొంచెం. ఆ మొదటి రోజుల్లో కడగడం, ఉతకడం తప్ప ఇంకో పని లేదు. అలవాటైపోతుందేమోనని భయపడ్డాను. ఇది ఒంటికి పెద్దగా పట్టదు, పేగులో నీటిని పట్టి ఉంచుతుందంతే అన్నారు. బాగైంది కదా అని రెండు వారాలకే ఆపొద్దని, నెలల తరబడి వాడాలని మరీ మరీ చెప్పారు. రోజుకు నాలుగు గ్లాసుల పాలు తాగేది, అర లీటరు దాటనివ్వద్దన్నారు. జామపండు, బొప్పాయి, తోటకూర పప్పు పెంచాం. అయితే మా పాపకు తిండి ఒక్కటే సరిపోయేది కాదు, పొడి పనిచేసింది.

భయం మాత్రం పొడితో పోలేదు. డైపర్‌లోనే వెళ్ళనిచ్చాం, కానీ బాత్రూమ్‌లో. కొన్నాళ్ళకు డైపర్‌తోనే మూసిన కమోడ్ మీద. తర్వాత చిన్న సీటు వేసి. కాళ్ళు గాల్లో వేలాడుతుంటే పాప రెండు చేతులతో సీటు అంచు పట్టుకునేది. వంటింట్లోని చెక్క పీట తెచ్చి పాదాల కింద పెట్టాను. మోకాళ్ళు పైకి లేచాయి, చేతులు వదులయ్యాయి. ఆ పని మొదటిరోజే చేయాల్సింది. టిఫిన్ తిన్నాక, రాత్రి అన్నం తిన్నాక ఐదు నిమిషాలు, సబ్బు బుడగలు ఊదుతూ. ఊదుతుంటే పొట్ట దానంతటదే బిగుస్తుంది. పాప బయటికొచ్చాకే ఫ్లష్ చేసేదాన్ని.

నవంబరులో ఒక ఉదయం బుడగ ఊదుతూ ఆగిపోయింది. బుడుంగుమని చప్పుడు. నా వైపు కళ్ళు పెద్దవి చేసి చూసి, "నొప్పి లేదమ్మా" అంది.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాలుగు రోజులు పొడి వేయడం మర్చిపోయాం. మళ్ళీ తలుపు చాటున మునివేళ్ళ మీద. ఈసారి అత్తయ్యే ముందు గుర్తుపట్టి "ఆపుకుంటోందే అమ్మాయ్" అని నన్ను పిలిచారు. ఇప్పుడు సగం మోతాదులో ఉన్నాం, డాక్టరమ్మ మెల్లగా తగ్గిస్తున్నారు. ఎక్కడికి బయల్దేరినా బట్టల కంటే ముందు పీట కారెక్కుతుంది.