చెట్టు మీంచి పడ్డ ఫ్రెండ్

మినిట్‌మెన్ అనే అమెరికన్ పంక్ రాక్ బ్యాండ్ గురించి రాయాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నా. కాలిఫోర్నియాలో శాన్ పెడ్రో అని ఓడరేవు ఊరు, అక్కడ 13 ఏళ్ళప్పుడు మైక్ వాట్ పార్కులో నడుస్తుంటే చెట్టు మీంచి ఓ పిల్లాడు దబ్బున ముందు పడ్డాడు, వాడే డి. బూన్. ఇక అంతే, విడిపోలేదు. బూన్ వాళ్ళమ్మే వాట్‌ని బేస్ (లోతైన స్వరాలు పలికే నాలుగు తీగల గిటార్) వాయించమందట, పాపం ఆ పిల్లలిద్దరికీ బేస్ అంటే ఏంటో కూడా తెలీదు, మామూలు గిటార్‌కే నాలుగు తీగలుంచి వాయించేశాడు!

1980లో జార్జ్ హర్లీ డ్రమ్స్‌తో ఈ బ్యాండ్ అయింది. పాటలు చాలావరకు రెండు నిమిషాలు కూడా ఉండవు, కానీ అందులోనే ఫంక్, జాజ్, రాజకీయాలు అన్నీ ఉంటాయి. వ్యాన్ వాళ్ళే నడుపుకుని, సామాన్లు వాళ్ళే మోసుకుని, ఖర్చు తగ్గించుకుని ఊరూరా తిరిగారు. 1984లో 40కి పైగా పాటలతో డబుల్ ఆల్బమ్ వేశారు, కవర్ మీద వాట్ కారు నడుపుతుంటాడు, స్పీడోమీటర్ ముల్లు సరిగ్గా 55 మైళ్ళ మీద, అంటే అప్పటి హైవే స్పీడ్ లిమిట్ మీద. నాకు ఆ ఫొటో అంటే ప్రాణం.

1985 డిసెంబర్ 22న అరిజోనాలో వ్యాన్ యాక్సిడెంట్. జ్వరంతో వెనక పడుకున్న బూన్ పోయాడు. 27 ఏళ్ళే అండి. వాట్ ఇక వాయించనన్నాడు, ఒహాయో నుంచి ఎడ్ క్రాఫర్డ్ అనే అభిమాని వెతుక్కుంటూ వచ్చి ఒప్పించాక ఫైర్‌హోస్ అనే కొత్త బ్యాండ్ మొదలైంది. తర్వాత 2003 నుంచి స్టూజెస్ అనే పాత రాక్ బ్యాండ్‌లో కూడా వాయించాడు. ఇన్నేళ్ళయినా ఏ ఇంటర్వ్యూలో చూసినా బూన్ మాట రాకుండా ఉండదు.