తాత ట్రంకు పెట్టె కోసం కర్నూలుకు

కాచిగూడలో రైలెక్కినప్పటి నుంచి నా మనసంతా ఆ ట్రంకు పెట్టె మీదే ఉంది. మా పెద్దమ్మకు ఎనభై ఐదేళ్లు. "ఒకసారి వచ్చి పెట్టె చూసి పో నాయనా, నా తర్వాత దాన్ని పట్టించుకునేవాళ్లు లేరు" అని ఫోన్లో అన్నాక ఇక ఆగబుద్ధి కాలేదు.

గద్వాల దాటేసరికి ఎండ ఎక్కింది. ఆ తర్వాత తుంగభద్ర వంతెన. కింద నీళ్లు పాయలు పాయలుగా, మధ్యలో నల్లటి బండలు. ఆ రోజుల్లో ఈ గట్టు నిజాం రాజ్యం, ఆ గట్టు ఇంగ్లీషోళ్లదని మా అవ్వ చెప్పేది. తాత రెండో ప్రపంచ యుద్ధానికి బయలుదేరింది ఆ గట్టు నుంచే, డోన్ మీదుగా.

తాత మద్రాసు రాయపురంలో ఎల్.ఎం.పి. అనే డాక్టరు చదువు చదివి, కర్నూలు పాతబస్తీలో చిన్న దవాఖానా పెట్టుకున్నాడు. 1943 ఏప్రిల్ 3న అంతకుముందు వేర్వేరుగా ఉన్న మూడు సైనిక వైద్య విభాగాలను కలిపి ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్ ఏర్పాటు చేశారు. ఆ ఏడే తాత అందులో చేరాడు. అప్పటికి పెద్దమ్మకు మూడో ఏడు. మా అమ్మ ఇంకా పుట్టలేదు.

స్టేషన్ నుంచి ఆటోలో కొండారెడ్డి బురుజు పక్కగా పోయి పాతబస్తీ సందులోకి తిరిగాం. పెద్దమ్మ అరుగు మీదే కూర్చుని ఉంది. "ఏమప్పా, ఇన్నేండ్లకు గుర్తొచ్చినామా?" అంది. ఉగ్గాని, బజ్జీ పెట్టి, నేను తిన్నంతసేపూ పక్కనే ఉంది. ఆ తర్వాతే పెట్టె మాట ఎత్తింది.

పెట్టె మంచం కింద ఉంది. నల్ల రేకు, మూత మీద తెల్లరంగుతో తాత పేరు. సగం అక్షరాలు పెచ్చులు లేచిపోయాయి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డ రోజు ఈ ఇంట్లోనూ నీళ్లు నిండాయి. పెద్దమ్మవాళ్లు ప్రాణాలు దక్కించుకుని మేడ మీదికి పోయారు, పెట్టె కిందే ఉండిపోయింది. నీళ్లు తీశాక తెరిచి చూస్తే తాత రాసిన ఉత్తరాలన్నీ పిండిముద్ద. ఆమె ఒక్కొక్క కాగితాన్నే విడదీసి మిద్దె మీద ఆరబెట్టిందట. మిగిలినవి రెండే రెండు.

మెల్లగా మూత తీశాను. ఇంకా బురద వాసనే. ఒక ఎనామిల్ గ్లాసు, తుప్పు పట్టిన కత్తెర, ఆరు కోణాల కంచు నక్షత్రం. బర్మా రంగంలో పనిచేసినవాళ్లకు ఇచ్చిన బర్మా స్టార్ అది. రిబ్బను బురదరంగుకు తిరిగింది. అంచున ఒక్కచోట ముదురు నీలం కనిపిస్తోంది.

ఉత్తరం అరచేతిలో పెట్టుకుని చదివాను. ఎక్కడి నుంచి రాస్తున్నాడో అందులో ఉండదు. యూనిట్ పేరు, ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు అంతే. ఊరి పేరు రాస్తే సెన్సారు వాళ్లు చెరిపేసేవాళ్లు. సిరా పాకిపోగా నిలిచిన వాక్యాలు ఇవి: "ఇక్కడ నేను కుశలం. పొద్దుగూకినాక పాపను బయట తిప్పవద్దు. ఇంట్లో వేపాకు పొగ వేయించు."

యుద్ధం మధ్యలో ఉన్న మనిషి ఇంటికి రాసింది దోమల గురించి! ఎందుకో తర్వాత చదివితే అర్థమైంది. 1943లో బర్మా సరిహద్దులో గాయపడి వెనక్కి వచ్చిన ఒక్కొక్కడికి, రోగంతో వచ్చినవాళ్లు 120 మంది. ఏడాదికి నూరుమంది సైనికులకు 84 చొప్పున ఒక్క మలేరియా కేసులే. తాత చేతుల్లోంచి పోయిన ప్రాణాల్లో తూటాలు తీసుకున్నవి ఎన్నో, జ్వరాలూ విరేచనాలూ తీసుకున్నవి ఎన్నో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

మలేరియాకు అప్పుడిచ్చిన మందు మెపాక్రిన్. రోజూ మింగాలి. ఒళ్లు పసుపు పచ్చగా మారుతుంది. మగతనం పోతుందని పుకారు పుట్టి సిపాయిలు చాటుగా ఉమ్మేసేవాళ్లట. బర్మా రంగంలో పోరాడిన బ్రిటిష్ 14వ సైన్యానికి అధిపతైన జనరల్ స్లిమ్ చెప్పకుండా దళాలకు దళాలను తనిఖీ చేయించాడు. నూటికి 95 మంది ఒంట్లోనైనా మందు కనిపించకపోతే ఆ దళం అధికారిని తీసేశాడు. ముగ్గురిని తీసేసరికి మిగతావాళ్లకు విషయం బోధపడింది. కింద ఆ మాత్ర మింగించే పని డాక్టర్లది, నాయకులది. తాత వరసగా నిలబెట్టి, మింగినాక నోరు తెరిపించి చూసేవాడట.

1944లో ఆయన ఇంఫాల్‌లో ఉన్నాడు. మార్చి నెలాఖరున జపాన్ సైన్యం కోహిమా దారి తెంచేసింది. ఆ దారి మళ్లీ తెరుచుకుంది జూన్ 22న. తిండి, మందులు అన్నీ విమానాల్లోనే. ఆ మూడు నెలల్లో కర్నూలుకు వచ్చింది ఒక్క ఉత్తరం. వీధిలో తంతి మనిషి సైకిలు గంట వినబడితే అవ్వ పొయ్యి దగ్గర నుంచి లేచి, లోపలి గదిలోకి పోయి తలుపేసుకునేదట. సైకిలు దాటిపోయిందని పెద్దమ్మ పోయి చెబితేనే బయటికి వచ్చేది. నాలుగేళ్ల పిల్ల అప్పుడు. "నేనే వాకిట్లో కాపలా ఉండేదాన్ని" అని చెబుతుంటే ఆమె గొంతు వణికింది.

తాత 1946లో తిరిగొచ్చాడు. "ఎవురో పచ్చగా ఉన్నాయన జట్కా దిగినాడు. అమ్మ చెంగు ఎనక దాక్కున్న్యా. మీ నాయనే, పో అంటే ఏడ్చిన్యా" అంది పెద్దమ్మ. వీధివాళ్లంతా కామెర్లనుకున్నారు. అవ్వ నేల ఉసిరి నూరి పసరు తీసి ఇచ్చింది. అది కామెర్లు కాదని తెలిసిన డాక్టరు, మూడు రోజులూ మారుమాట లేకుండా ఆ పసరు తాగాడు. మూడేళ్లు తలుపు వేసుకుని బతికిన మనిషి చేతి పసరు అది. ఎట్లా వద్దంటాడు?

తర్వాత మళ్లీ అదే దవాఖానా. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యి, ఆఫీసులు గుడారాల్లో పెట్టినప్పుడు, గుడారాల పక్కన నీళ్లు నిలవనీయకండి అని చెప్పడానికి తాతే నడిచి పోయాడట. గుడారాల సంగతి ఆయనకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు.

రాత్రి జొన్నరొట్టె తిన్నాక పెద్దమ్మకు బీపీ మాత్ర ఇచ్చాను. నీళ్లు తాత ఎనామిల్ గ్లాసులోనే పోయమంది. కడిగి పోసిచ్చాను. మాత్ర వేసుకుని, గుటక మింగి, నా వైపు తిరిగి నోరు బాగా తెరిచి చూపించింది.