రాత్రిబడికి డబ్బు ఎవరిస్తారు? నా అనుభవం

"వయోజన విద్యకు సర్కారు డబ్బులిస్తుంది, దరఖాస్తు పెట్టుకోండి" అని మాకు చెప్పనివాళ్లు లేరు. హైదరాబాద్ బోరబండలో మా మహిళా సంఘం ఒక రాత్రిబడి నడుపుతోంది. దాని లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంటుంది. ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, కూరగాయలు అమ్మేవాళ్లు, వాచ్‌మన్ కుటుంబాల ఆడవాళ్లు ఏడు దాటాక వస్తారు. మాకు కావలసింది ఒక గది, పుస్తకాలు, ఇద్దరు టీచర్లకు ఎంతో కొంత గౌరవ వేతనం. అన్నిటికీ కలిపి ఒక్క గ్రాంటు దొరక్కపోతుందా అని తిరగడం మొదలుపెట్టాను.

వయోజన విద్యలో పనిచేసి రిటైరైన ఒక సారు నన్ను కూర్చోబెట్టి లెక్క చెప్పారు. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ వచ్చాక జిల్లాల్లో నడిచిన సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమానికి కేంద్రం రెండు వంతులు, రాష్ట్రం ఒక వంతు పెట్టేవి. 2009లో సాక్షర భారత్ వచ్చింది. పంచాయతీకి ఇద్దరు ప్రేరక్‌లు (ఊళ్లో చదువు కేంద్రం నడిపేవాళ్లు), ఒక్కొక్కరికి నెలకు 2000 రూపాయలు. తక్కువే, కానీ జీతం లాంటిది ఏదో ఒకటి ఉండేది. అయితే 2001 జనాభా లెక్కల ప్రకారం ఆడవాళ్ల అక్షరాస్యత 50 శాతానికి మించని జిల్లాలను, అందులోనూ పల్లెలను చూసి ఇచ్చిన పథకం అది. హైదరాబాద్ జిల్లాలో పల్లె ఎక్కడుంది? పల్లెలో చదువు రాక పట్నం వచ్చి అంట్లు తోముకుంటున్న మనిషి, వచ్చినందుకే ఆ లెక్కలో లేకుండా పోయింది. 2018 మార్చితో ఆ పథకమూ ఆగింది.

ఇప్పుడున్నది 2022లో మొదలైన నవ భారత సాక్షరతా కార్యక్రమం, అందరూ ఉల్లాస్ అంటున్నది. ఇందులో పట్టణాలూ ఉన్నాయి, సంతోషం. ఐదేళ్లకు 1037.90 కోట్లు, అందులో కేంద్రం వాటా 700 కోట్లు, మిగిలింది రాష్ట్రాలది. చదువు నేర్పాల్సింది 5 కోట్ల మందికి. అక్కడే ఫోన్ తీసి భాగించి చూశాను. మనిషికి 207 రూపాయల చిల్లర పడుతోంది. టీచర్ జీతం ఇందులో ఎక్కడుంది సార్ అని అడిగాను. "లేదమ్మా, చదువు చెప్పేవాళ్లు వాలంటీర్లే. పథకం రాసుకున్నదే అలా" అన్నారు. పిల్లలకైతే 2009 విద్యాహక్కు చట్టం ఉంది, బడి లేదంటే నిలదీయొచ్చు. నలభై ఏళ్ల మనిషికి అలాంటి చట్టం లేదు. జీతం అడగడానికి దరఖాస్తే లేదని తెలిశాక ఒక్క గ్రాంటు ఆశ వదిలేసి, ఏ ఖర్చుకు ఎవరిని అడగాలో విడివిడిగా రాసుకున్నాను.

గది తొందరగానే కుదిరింది. మా పొదుపు సంఘాలన్నీ జీహెచ్‌ఎంసీలో బస్తీ సంఘాలను చూసే యూసీడీ విభాగం కిందే ఉంటాయి. అక్కడి కమ్యూనిటీ ఆర్గనైజర్ మేడంతో మాట్లాడితే బస్తీ కమ్యూనిటీ హాలు సాయంత్రాలు ఇప్పించారు. పెళ్లిళ్ల సీజన్‌లో మాత్రం క్లాసు ఎవరో ఒకరి వరండాలోనే.

పుస్తకాలు, పరీక్ష ఉల్లాస్ నుంచే. యాప్‌లో నేర్చుకునేవాళ్ల పేర్లు, వాలంటీర్ల పేర్లు ఎక్కించాలి. పదిహేనేళ్లు దాటినవాళ్లు ఎవరైనా చేరొచ్చు. చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోటి 50 చొప్పున 150 మార్కుల పరీక్ష పెడతారు. పాసైతే జాతీయ ఓపెన్ స్కూల్ సంస్థ (ఎన్‌ఐఓఎస్) సర్టిఫికెట్ వస్తుంది. పుట్టాక మొదటిసారి హాల్‌లో కూర్చుని పరీక్ష రాసిన మా అక్కలకు ఆ కాగితం ఎంత విలువో చెప్పక్కర్లేదు, చాలా ఇళ్లల్లో ఫ్రేమ్ కట్టించారు.

టీచర్ల డబ్బే పెద్ద టెన్షన్. మా ఇద్దరమ్మాయిలు డిగ్రీ చదువుతూ వస్తారు, ఆటో ఛార్జీలైనా ఇవ్వకుండా ఎన్నాళ్లు రమ్మంటాం? దీనికి సీఎస్‌ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత నిధుల దారి పట్టాను. ఏడాదికి 5 కోట్లు, ఆపైన లాభం వచ్చే కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సేవకు ఖర్చుపెట్టాలని చట్టం. మన దగ్గర అలాంటి కంపెనీలకు కొదవలేదు. కానీ అడగాలంటే కాగితాలు కావాలి. సొసైటీ రిజిస్ట్రేషన్, స్వచ్ఛంద సంస్థల పోర్టల్ దర్పణ్‌లో నంబరు, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ నమోదులు, ఆడిట్ లెక్కలు, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్‌ఆర్ డబ్బు తీసుకునే సంస్థలు నింపాల్సిన సీఎస్‌ఆర్-1 ఫారం కూడా. చార్టర్డ్ అకౌంటెంట్ ఫీజుకు సంఘం పొదుపులోంచి తీశాం. డబ్బు అడగడానికే ముందు డబ్బు కావాలి!

ఒక కంపెనీ ఆఫీసరు ఫైలు తిరగేసి, "అఆలు అంటే మా బోర్డు ఒప్పుకోదు మేడం, స్కిల్ అని రాయండి" అన్నాడు. నాకు మొదట కోపం వచ్చింది. తర్వాత మా దర్జీ అక్కను అడిగితే, కొలతలు రాసుకోలేకనే చాలామంది కుట్టుపని సగంలో వదిలేస్తారని చెప్పింది. కుట్టు శిక్షణ పెట్టి, టేపు చదవడం, కొలతల పుస్తకం, బిల్లు రాయడం అందులో చేర్చి ఆ గంటను మా టీచర్లకే ఇచ్చాం. ఇది దొంగలెక్క అని నేననుకోను.

మొదటి విడత డబ్బు వచ్చింది. రెండో విడతకు వినియోగ ధ్రువపత్రం పంపితే కంపెనీ తరఫు ఆడిటర్ వచ్చాడు, మా అబ్బాయి వయసుంటుంది. హాజరు రిజిస్టర్ పట్టుకుని, "జూన్‌లో వేలిముద్ర, నవంబర్‌లో సంతకం. ఒకే మనిషి అని ఎలా నమ్మాలి మేడం?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. పక్కనే ఉన్న ఒకామె, "నేర్పమనే కదా నాయనా డబ్బులిచ్చింది" అని అతని పెన్ను తీసుకుని అదే పేజీ అంచున పేరు రాసి చూపించింది. అతను నవ్వాడు కానీ అభ్యంతరం కొట్టేయలేదు. పేరు పేరునా డిక్లరేషన్ రాసి, ఆధార్ కాపీలు జతచేస్తేగాని విడత కదల్లేదు. ఇప్పుడు రిజిస్టర్‌లో ఒక గడి అదనంగా గీశాం: ఏ తేదీ నుంచి సంతకం.

టెన్త్ కావాలన్నవాళ్లను తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో చేర్పిస్తున్నాం. అక్కడ చదివేవాళ్లే ఫీజు కట్టాలి, ఆడవాళ్లకు రాయితీ ఉంటుంది. ఆదివారాలు, సెలవు రోజుల్లో క్లాసులు కాబట్టి పనిమనుషులకు ఆదివారం సెలవు ఇప్పించడం మరో యుద్ధం.

కంపెనీ ఒప్పందం వచ్చే ఏడాదితో అయిపోతుంది. ఆ తర్వాత టీచర్లకు ఎక్కడి నుంచి అని సంఘం మీటింగులో అడిగాను. సభ్యులంతా నెలకు తలా ఇరవై రూపాయలు వేసుకుందామని కొందరన్నారు, చదువుకునేవాళ్లే కట్టాలని ఇంకొందరు. ఇంకా తేలలేదు.